పొగమంచు పొద్దుల్లో దారి కబురు

డిసెంబరు, జనవరి నెలల్లో మన దగ్గర సూర్యుడు ఆరున్నర దాటితే గానీ కనపడడు. కామారెడ్డి జిల్లా పెద్ద కొడప్‌గల్ మండలంలో పనులు మాత్రం అంతకు రెండు గంటల ముందే రోడ్డెక్కుతాయి. పాల క్యాన్లు కట్టుకున్న మోటార్ సైకిళ్లు, పత్తి ఏరడానికి కూలీలను ఎక్కించుకుని పోయే ఆటోలు, మద్నూర్ జిన్నింగ్ మిల్లుల ముందు వరుసలో చోటు కోసం తొందరపడే పత్తి బండ్లు, నిజాంసాగర్ మండలం మాగిలోని చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్లు అప్పుడే కదులుతాయి. వీటన్నిటి మధ్య నుంచి దెగ్లూర్, నాందేడ్ వైపు నుంచి హైదరాబాద్‌కు పరుగెత్తే లారీలు, బస్సులు పోతుంటాయి. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వరకు సాగే 161వ నంబరు జాతీయ రహదారి పిట్లం, పెద్ద కొడప్‌గల్, మద్నూర్ మీదుగానే మహారాష్ట్రలోకి దాటుతుంది. ఇన్ని రకాల బండ్లు, ఇంతమంది మనుషులు చీకట్లో బయలుదేరుతున్నప్పుడు, ఈ పూట దారి ఎలా ఉందని వాళ్లకు చెప్పే వాళ్లు లేరు. నిన్న రాత్రి చలి ఎంతో పొద్దున వార్తల్లో చెబుతారు. పత్తి ధర చెబుతారు. పిట్లం దాటాక ఎన్ని మీటర్ల దూరం కనిపిస్తోందో ఎవరూ చెప్పరు. చలికాలంలో దారి పరిస్థితిని రోజూ చూసి రోజూ చెప్పడం కూడా రోడ్డు వేయడమంత ముఖ్యమైన ప్రజా బాధ్యత అన్నది ఈ ప్రసంగంలో నా వాదన. దాన్ని మన మండలం స్థాయిలోనే, దాదాపు ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చని కూడా నా నమ్మకం.

ఈ మాట గట్టిగా అనడానికి ఒక ఆధారం మనకు చాలా దూరంగా, మంచు మీద బతికే ఊళ్లలో దొరుకుతుంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం ఉత్తర భాగాన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవినా ద్వీపకల్పం ఉంది. అక్కడి హౌటన్ పట్టణంలోని మిచిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో మన తెలుగు పిల్లలూ చదువుకుంటున్నారు. 1978-79 శీతాకాలంలో ఆ ప్రాంతంలో 390.4 అంగుళాల మంచు పడింది, అంటే 32 అడుగులకు పైమాటే. అంత మంచులో జనం ఇళ్లలో ముడుచుకుని కూర్చోరు. ముందు రెండు పట్టీలు, వెనుక గిరగిర తిరిగే రబ్బరు పట్టా ఉండే స్నోమొబైల్ బండ్ల మీద అడవి దారుల్లో తిరుగుతారు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం వాల్కూర్ అనే ఊరికి చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే 1959లో స్కీ-డూ అనే చిన్న బండిని అమ్మకానికి తెచ్చాక ఈ వాహనం ఇంటింటిదైంది. కాళ్లకు పొడవాటి స్కీలు కట్టుకుని జారుతూ పోయే వాళ్ల దారులు వేరే ఉంటాయి. బండి దారి మీద స్కీ సరిగా సాగదు, స్కీ గాడుల మీద బండి నడిపితే ఆ గాడులు చెడిపోతాయి. అందుకే రెండింటినీ వేరువేరుగా కాపాడుకుంటారు.

మనకు పనికొచ్చే సంగతి ఆ దారుల నిర్వహణలో ఉంది. మంచు దారి ఒకసారి వేసి వదిలేసేది కాదు. పగలంతా బండ్లు తిరిగి దారి గుంతలు గుంతలుగా మారుతుంది. రాత్రి ఒక పెద్ద ట్రాక్టరు లాంటి యంత్రం బరువైన ఇనుప చట్రాన్ని ఈడ్చుకుంటూ వచ్చి, మిట్టలను చెక్కి, పొడిమంచును కలిపి, అణిచి, చదును చేస్తుంది. ఆ పని రాత్రే ఎందుకు చేస్తారంటే, చదును చేసిన మంచు గట్టిపడటానికి కొన్ని గంటల చలి కావాలి, దాని మీద బండ్లు తిరగకూడదు. పొద్దున ఏడు గంటలకు నున్నగా ఉన్న దారి ఎండ కాస్తే మధ్యాహ్నానికి మెత్తబడిపోతుంది. గడ్డకట్టిన సరస్సు మీదుగా పోయే దారి అయితే ఇంకా నమ్మలేం. మనిషి నడవాలంటే కనీసం నాలుగు అంగుళాలు, స్నోమొబైల్ పోవాలంటే ఐదు నుంచి ఏడు అంగుళాల మందాన మంచుగడ్డ ఉండాలని మినెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. ఏ మంచుగడ్డా నూటికి నూరు పాళ్లు క్షేమం కాదని కూడా అదే శాఖ హెచ్చరిస్తుంది. ఇంత చంచలమైన దారి కాబట్టే అక్కడ దారి పరిస్థితి చెప్పడం ఒక అలవాటుగా, ఆ పైన ఒక వ్యవస్థగా మారింది. కెనడాలోని ఒంటారియోలో స్నోమొబైల్ క్లబ్బుల సమాఖ్య పటం మీద ప్రతి దారినీ ఒక రంగులో చూపిస్తుంది. ఆకుపచ్చ ఉంటే పోవచ్చు, పసుపు ఉంటే జాగ్రత్తగా, పరిమితంగా పోవచ్చు, ఎరుపు ఉంటే దారి మూసి ఉన్నట్టే. ఆ రంగు మార్చేది దూరాన కూర్చున్న అధికారి కాదు. ఆ దారిని చూసుకునే స్థానిక క్లబ్బు వాళ్లు, ఎక్కువ మంది స్వచ్ఛంద కార్యకర్తలు, తమ కళ్లతో చూసి చెప్పిన సమాచారమే ఆ రంగుకు ఆధారం.

అది వినోదం కోసం తిరిగే వాళ్ల దారి కదా, మన బతుకుదెరువు రోడ్డుతో దానికేం పోలిక అని ఎవరైనా అడగవచ్చు. నా ప్రశ్న కూడా అక్కడే ఉంది. సెలవు రోజు సరదాగా తిరగడానికే ఒక సమాజం ప్రతి పొద్దూ దారి చూసి చెబుతున్నప్పుడు, పాలు, పత్తి, చెరుకు, కూలీలు, బడిపిల్లలు పోయే దారి గురించి మనమెందుకు చెప్పుకోకూడదు? మన రోడ్డు తారుదే, సిమెంటుదే, మంచులా కరిగేది కాదు. కానీ చలికాలపు రాత్రి దాన్ని కూడా మార్చేస్తుంది. ఆకాశంలో మబ్బు లేక, గాలి కదలక, రాత్రి పొడుగ్గా ఉన్నప్పుడు నేల తన వేడిని వదిలేసి చల్లబడుతుంది. నేల మీది గాలిలో తేమ ఎక్కువుంటే అది సన్నని నీటి బిందువులై అక్కడే వేలాడుతుంది. మంజీరా ఒడ్డు, నిజాంసాగర్ జలాశయం పరిసరాలు, ఊరూరి చెరువులు, వాగుల పల్లాలు, యాసంగికి నీళ్లు పెట్టిన మడులు దీనికి అనువైన చోట్లు. అందుకే ఈ పొగమంచు జిల్లా అంతటా ఒకేలా పరుచుకోదు. మిట్ట మీద నక్షత్రాలు కనపడుతుంటాయి, ఆ తర్వాతి వాగు పల్లంలోకి దిగితే ముందున్న బండి కనపడదు. డ్రైవర్‌ను ముంచేది ఈ హఠాత్తు మార్పే. రెండు కిలోమీటర్లు శుభ్రంగా ఉన్న దారి చూసి కాలు యాక్సిలరేటర్ మీద స్థిరపడిన తర్వాత పల్లం వస్తుంది.

దీని లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. ఎదుట ఏదో ఉందని కంటికి తెలిసి, బ్రేకు మీద కాలు పడటానికి రెండున్నర సెకన్లు పడుతుందని రోడ్డు ఇంజనీర్లు లెక్కగడతారు. అంటే బ్రేకు పడక ముందే 55 మీటర్లు పోయింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఆ వేగంలో బండి నిలబడటానికి మొత్తం 120 మీటర్లు కావాలి. వేగం 100 అయితే 180 మీటర్లు, 50 అయితే 60 మీటర్లు, 40 అయితే 45 మీటర్లు కావాలి. ఇక వాతావరణ శాఖ కొలతలు చూడండి. కిలోమీటరు లోపే చూపు ఆగిపోతే అది పొగమంచు, 200 మీటర్ల లోపు అయితే దట్టమైనది, 50 మీటర్ల లోపు అయితే అతి దట్టమైనది. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెడితే, 50 మీటర్లే కనిపించే పల్లంలో 80 వేగంతో పోయే డ్రైవర్ ఎంత నేర్పరి అయినా, ముందు ఆగి ఉన్న ట్రాక్టరుకు తగలక ముందు అతని కాలు బ్రేకును తాకితే గొప్పే. అక్కడ గట్టిగా 40కి మించిన వేగం పనికిరాదు. అది కూడా మంచి బ్రేకులు ఉన్న బండికి చెప్పిన మాట. నిండా బరువు ఎక్కించిన లారీకి ఇంకా దూరం కావాలి. పొగమంచు వేళల్లో జరిగిన ప్రమాదాల్లో దేశం మొత్తం మీద 2021, 2022 సంవత్సరాల్లో ఏటా 13 వేల మందికి పైగా చనిపోయినట్టు కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదికలు చెబుతున్నాయి. ఇందులో ఎక్కువ భాగం ఉత్తరాదిది. అంతమాత్రాన మనది నిశ్చింత కాదు.

మన దారికి ఇంకో రెండు చిక్కులున్నాయి, రెండూ పంటవే. మొదటిది వడ్లు. వానాకాలం కోతలు అయ్యాక కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. హార్వెస్టర్‌తో కోసిన వడ్లలో తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది. కల్లం లేని రైతు ఏం చేస్తాడు? గట్టిగా, శుభ్రంగా, ఎండకు వేడెక్కే నేల రోడ్డే. సర్వీసు రోడ్డు మీదో, ఊరి రోడ్డు సగం మీదో పరుస్తాడు. సాయంత్రం కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడతాడు, బండ్లు ఎక్కకుండా చుట్టూ ముళ్లకంపో రాళ్లో అడ్డం పెడతాడు. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల కవరు, దాని చుట్టూ మోకాలెత్తు రాళ్లు, వాటికి ఒక మెరుపు పట్టీ కూడా ఉండదు. మోటార్ సైకిల్ మీద పోయే వాడికి అది పది అడుగుల దూరంలో తెలుస్తుంది. కుప్ప ఎత్తేశాక మిగిలిన గింజలు కూడా చక్రాల కింద దొర్లి బండిని పక్కకు లాగేస్తాయి. ఇందులో జనం అంతగా గమనించని ఒక లంకె ఉంది. దారిని కనపడకుండా చేసే రాత్రి తేమే వడ్లను మళ్లీ తడుపుతుంది. పొగమంచు పట్టిన రోజు వడ్లు ఆరవు, కాబట్టి కుప్ప రోడ్డు మీద ఇంకో రెండు రోజులు ఉంటుంది. దారి కనపడని రోజుల్లోనే దారి మీద అడ్డం కూడా ఎక్కువగా ఉంటుందన్నమాట. పత్తి సంగతీ ఇంతే. మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 శాతం నుంచి 12 శాతం లోపు ఉండాలంటారు. మంచుకు తడిసిన పత్తి తెచ్చిన రైతు మిల్లు దగ్గరే బండి ఆపుకుని ఎండ కోసం కాచుకోవాలి, ఆ బండ్ల వరుస రోడ్డు పక్కకు వస్తుంది.

రెండో చిక్కు చెరుకు ట్రాలీలు. చలికాలం మొదలైతే క్రషింగ్ కూడా మొదలవుతుంది. ట్రాలీకి వెనుక రిఫ్లెక్టర్ ఉండాలని చట్టం చెబుతుంది, చాలా ట్రాలీలకు ఉంటుంది కూడా. కానీ ట్రాలీ నిండా చెరుకు ఎక్కించాక గడలు వెనుకకు మూరెడో, అంతకంటే ఎక్కువో పొడుచుకొస్తాయి. ఎండిన ఆకులు కిందికి వేలాడి ఆ రిఫ్లెక్టర్‌నే కప్పేస్తాయి. తనిఖీ రోజున కనిపించిన ఎర్రటి మెరుపు, అవసరమైన రాత్రి కనిపించదు. గడల చివర ఒక పాత సంచీ ముక్క మీద మెరుపు పట్టీ కుట్టి వేలాడదీస్తే చాలు. ఈ చిన్న పని చేయించడానికి ఫ్యాక్టరీ గేటు దగ్గరి తూకం కాటా కంటే మంచి చోటు లేదు. ఖాళీ అయి వెనక్కి వచ్చే ప్రతి ట్రాలీ అక్కడ ఆగుతుంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, వాతావరణ శాఖ ఉంది కదా, అది చెబుతూనే ఉంది కదా అన్నది. నిజమే, హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా పొగమంచు సూచన ఇస్తుంది. రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టి ఉష్ణోగ్రత, గాలి, తేమ, వాన లెక్కలు రోజూ ప్రకటిస్తుంది. అది చాలా విలువైన పని, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ పెట్టెలు కొలవనిది ఒకటుంది, చూపు ఆనే దూరం. దాన్ని కొలిచే పరికరాలు విమానాశ్రయాల్లో రన్‌వే పక్కన ఉంటాయి, రోడ్ల పక్కన సాధారణంగా ఉండవు. ఫలానా మండలంలో రాత్రి చలి ఎంతన్నది దశాంశ బిందువు వరకు మనకు తెలుసు. అదే మండలంలో పొద్దున ఐదున్నరకు రోడ్డు కనిపించిందో లేదో ఏ పుస్తకంలోనూ నమోదు కాదు. పైగా సూచన వేరు, పరిస్థితి వేరు. రేపు జిల్లాలో అక్కడక్కడా పొగమంచు పట్టవచ్చన్నది సూచన. ఇప్పుడు వంతెన దగ్గర 100 మీటర్లే కనిపిస్తోందన్నది పరిస్థితి. డ్రైవర్‌కు రెండోది కావాలి, దానికి అక్కడ ఒక మనిషి కన్ను కావాలి.

రెండో అభ్యంతరం చదువుకున్న కుర్రాళ్ల నుంచి వస్తుంది. చేతిలో ఫోను ఉంది, మ్యాపు ఉంది, ఎర్ర గీత కనపడితే ఆగుతాం అంటారు. ఫోను మ్యాపు ప్రధానంగా ఆ దారిలో పోతున్న ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి రంగు వేస్తుంది. తెల్లవారుజామున బండ్లు పలుచగా ఉంటాయి. ఉన్న నాలుగు బండ్లూ పొగమంచులో 80 మీద పోతుంటే మ్యాపు ఆ దారిని ఆకుపచ్చగా చూపిస్తుంది. అంటే అందరూ తప్పు చేస్తున్నప్పుడు మ్యాపు ఆ తప్పుకే పచ్చజెండా ఊపుతుంది. ఒంటారియో పటంలోని ఆకుపచ్చకు, దీనికి తేడా అదే. అక్కడి రంగు వెనుక దారిని స్వయంగా చూసిన మనిషి ఉన్నాడు.

మూడోది కొంచెం బలమైన అభ్యంతరం. పంజాబ్‌లోనో, ఉత్తరప్రదేశ్‌లోనో వారాల తరబడి పొగమంచు ఉంటుంది, మన దగ్గర చలికాలం మొత్తం మీద కొన్ని పొద్దులే కదా, దానికింత ఏర్పాటా అని. పొగమంచు మన దగ్గర తక్కువన్నది నేను ఒప్పుకుంటాను. కానీ అరుదైనది కాబట్టే మన వాళ్లు దానికి సిద్ధంగా ఉండరు. ఉత్తరాదిలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు కార్ల వేగ పరిమితిని 100 నుంచి 75కు తగ్గించడం ఏటా జరిగే పని. అక్కడి డ్రైవర్లకు ఆ కాలం వచ్చిందంటే తెలుసు. మన దారిలో కొత్తగా వేసిన నాలుగు వరుసలు, నున్నటి తారు, వేగానికి పిలుస్తున్నట్టు ఉంటాయి. రోజూ ఉండే ప్రమాదానికి మనిషి అలవాటుపడి ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు, ఎప్పుడో వచ్చే దానికి ఎవరైనా ముందే చెప్పాలి. ఇంకో మాట, పొగమంచు లేని రోజున కూడా ఈ కబురుకు పని ఉంటుంది. అక్టోబరు చివరి నుంచి వడ్లు రోడ్డెక్కుతాయి, ఆ వెనుకే పత్తి, చెరుకు. ఏ వైపు, ఏ ఊరి దగ్గర కుప్పలున్నాయో చెప్పినా ఒక ప్రాణం దక్కుతుంది.

వడ్ల మాట వచ్చింది కాబట్టి రైతు పక్షాన ఒక మాట చెప్పాలి. రోడ్డు మీద వడ్లు పోయకూడదని బోర్డు పెట్టడం, కేసు పెడతామని బెదిరించడం నాకు సమ్మతం కాదు. 17 శాతం నిబంధన పెట్టినప్పుడు ఆరబెట్టుకునే చోటు కూడా చూపించాలి. ఉపాధి హామీ పథకం కింద రాష్ట్రంలో సిమెంటు కల్లాలు కట్టారు. ఆ ఖర్చు మీద 2022లో కేంద్రానికి, రాష్ట్రానికి మధ్య తగాదా వచ్చి విషయం రాజకీయమైంది. తగాదా ఎవరు గెలిచినా కల్లం లేని రైతు వడ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఊరూరికీ చాలినన్ని కల్లాలు వచ్చే వరకు రోడ్డు మీద కుప్ప ఉంటుందన్న వాస్తవాన్ని ఒప్పుకుని, దాన్ని నలుగురికీ కనపడేలా చేయడం మన చేతిలో ఉన్న పని. నల్ల కవరు బదులు లేత రంగు కవరు, రాళ్ల బదులు ఇసుక సంచులు, వాటి మీద మెరుపు పట్టీ. ఫలానా చోట కుప్ప ఉందని పొద్దున కబురులో చెప్పడం రైతు మీద ఫిర్యాదు కాదు, ఆ కుప్ప మీదికి బండి ఎక్కకుండా రైతుకు కూడా అది కాపలా.

ఇక ఎవరు చేయాలి, డబ్బెక్కడిది అన్న ప్రశ్న. మిచిగన్‌లో స్నోమొబైల్ యజమానులు కొనే దారి పర్మిట్ల సొమ్ములోంచే దారి చదును చేసే స్థానిక క్లబ్బులకు డబ్బు వెళుతుంది. దారి వాడే వాడి పైసలు దారికే తిరిగొస్తాయి. మనమూ జాతీయ రహదారుల మీద టోల్ కడుతున్నాం. రహదారి మీద గస్తీ తిరిగే బండి ఉంది, 1033 అన్న సహాయ నంబరు ఉంది, 112 ఉంది. రాత్రంతా మెలకువగా ఉండే పోలీసు స్టేషన్ ఉంది, తెల్లవారుజామునే నీళ్లు వదలడానికి, చెత్త ఎత్తడానికి లేచే పంచాయతీ సిబ్బంది ఉన్నారు. కొలత పరికరం కొననక్కర లేదు. జాతీయ రహదారి పక్కన ప్రతి 200 మీటర్లకు ఒక చిన్న రాయి పాతి ఉంటుంది, కిలోమీటరు రాయికీ కిలోమీటరు రాయికీ మధ్య 2, 4, 6, 8 అంకెలతో నాలుగు. ఒక రాయి దగ్గర నిలబడి చూసినప్పుడు తర్వాతి రాయి ఆనవాలు కనిపిస్తే 200 మీటర్ల చూపు ఉన్నట్టు, లేకపోతే వాతావరణ శాఖ లెక్కలో అది దట్టమైన పొగమంచు. చీకట్లో రాయి కనపడదు కాబట్టి దానికో మెరుపు పట్టీ అతికించి టార్చిలైటు వేసి చూడాలి. 50, 100 మీటర్ల దగ్గర ఇంకో రెండు గుర్తులు పెట్టుకుంటే చాలు. పిట్లం వైపు ఒక పల్లం, ఊరి దగ్గర ఒకటి, మద్నూర్ వైపు ఒకటి, ఇలా మూడు చోట్ల చూస్తే ఈ మండలానికి దారి పరిస్థితి తేలిపోతుంది. చూసిన సమయం చెప్పి, చోటు చెప్పి, దూరం చెప్పి, కుప్పలుంటే ఏ పక్కనో చెప్పాలి. దీనికి అరనిమిషం చాలు.

సమయం చెప్పడం చాలా ముఖ్యం, ఎందుకంటే నాలుగో అభ్యంతరం దాని మీదే వస్తుంది. బాగుందని చెప్పాక పది నిమిషాల్లో పొగమంచు దిగితే, నమ్మి పోయిన వాడికి ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అంటారు. మంచు దారుల మీద ఈ చిక్కు ఇంకా పెద్దది. అక్కడి 2023-24 శీతాకాలం ఎంత వెచ్చగా గడిచిందంటే, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1973 నుంచి జరుగుతున్న అమెరికన్ బర్కెబైనర్ అనే 50 కిలోమీటర్ల స్కీ పందేన్ని 2024లో యంత్రాలతో తయారు చేసిన మంచు పరిచి, పది కిలోమీటర్ల చుట్టు దారిలోనే తిప్పి నడిపారు. 2017లోనైతే మంచు లేక అసలు పందెమే రద్దయింది. క్యాలెండరులో శీతాకాలం ఉన్నంత మాత్రాన దారి మీద మంచు ఉండదని వాళ్లకు తెలుసు, అందుకే సమాచారం ఏ గంటకు చూసిందో చెబుతారు, చివరి తీర్పు బండి నడిపే వాడిదేనని కూడా చెబుతారు. మనమూ అంతే చెప్పాలి. ఐదున్నరకు చూసినప్పుడు ఇలా ఉంది అన్న మాట హామీ కాదు, ఒక కంటి సాక్ష్యం. ఆ సాక్ష్యం తప్పిపోవచ్చన్న భయంతో అసలు చెప్పకపోతే జనం ఏమీ తెలియకుండానే పల్లంలోకి దిగుతారు.

చివరగా, చెప్పినా మనవాళ్లు వింటారా అన్న నిరాశ. లారీ డ్రైవర్ వేగం తగ్గించకపోవచ్చు, అతనికి సరుకు చేరే గడువు ఉంది. కానీ ఈ కబురు అతనొక్కడి కోసం కాదు. బయలుదేరే సమయాన్ని నిర్ణయించే వాళ్లు వేరే ఉన్నారు. బడి బస్సు ఏడింటికి కదలాలా, ఎనిమిదింటికి కదలాలా అన్నది హెడ్మాస్టర్ చేతిలో ఉంది. కూలీలను ఆటోలో ఎప్పుడు ఎక్కించాలన్నది మేస్త్రీ చేతిలో, వడ్ల లారీ కేంద్రం నుంచి ఎప్పుడు వదలాలన్నది నిర్వాహకుల చేతిలో, కొడుకును బండి మీద బాన్సువాడకు ఈ పొద్దే పంపాలా వద్దా అన్నది తల్లిదండ్రుల చేతిలో ఉంది. మన దగ్గర పొగమంచు చాలావరకు ఎనిమిది, తొమ్మిది గంటలకు ఎండ తగిలితే విడిపోతుంది. ఒక గంట ఆగితే పోయే ప్రమాదం అది. వేగం తగ్గించమని డ్రైవర్‌కు నచ్చజెప్పడం కష్టం, గంట ఆలస్యంగా బయలుదేరమని ఇంట్లో ఉన్న మనిషికి చెప్పడం సులువు. అందుకే ఈ కబురు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నా, గ్రామ పంచాయతీ మైకులో, రేడియోలో కూడా రావాలి. బండి తుడుచుకుంటూ, పాలు పితుకుతూ, స్క్రీన్ వైపు చూడకుండా వినగలిగేది చెవికి చేరే మాటే.

కామారెడ్డి జిల్లా ఏర్పడిన 2016 అక్టోబరులోనే పెద్ద కొడప్‌గల్ కూడా మండల కేంద్రమైంది. మండల కేంద్రం అంటే తహసీల్దార్ కార్యాలయం, పోలీసు స్టేషన్ ఒక్క చోట ఉన్నాయని. ఈ పని మొదలుపెట్టడానికి అంతకు మించి ఏమీ అక్కర లేదు. పంచాయతీ పెద్దలకు, పోలీసు సోదరులకు, రహదారి గస్తీ సిబ్బందికి, ఊరి యువజన సంఘాలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి వానాకాలం కోతలు మొదలయ్యే లోపు మూడు పల్లాలు ఎంచుకుని రాళ్లకు మెరుపు పట్టీలు అతికించండి. నవంబరు మొదటి తేదీ నుంచి ఫిబ్రవరి చివరి వరకు రోజూ ఐదున్నరకు చూసి, ఆరు గంటల లోపు మైకులో చెప్పండి. చూసిందంతా ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టండి. బయలుదేరే వాళ్లు ఆ మాట విని బయలుదేరండి, లైట్లు డిమ్‌లో పెట్టండి, బండి ఆపాల్సి వస్తే రోడ్డు దిగి ఆపండి.